సెలవులకు ఇండియా వచ్చే టీనేజ్ పిల్లలకు టీకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, గల్ఫ్ దేశాల నుంచి పిల్లలతో హైదరాబాద్, విజయవాడ, విశాఖ వచ్చే తల్లిదండ్రులు టీకాల గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. పసిపిల్లల టీకాల షెడ్యూలు అందరికీ తెలుసు. పదకొండు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లల దగ్గరికి వచ్చేసరికే గందరగోళం మొదలవుతుంది. వాళ్ళకి సగం టీకాలు అక్కడ పడి ఉంటాయి, సగం స్కూలు అడుగుతుంది, ప్రయాణానికి కావలసినవి ఎవరూ చెప్పరు. మీ పిల్లలకి ఆస్తమా, అలర్జీ, రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల వాడకం లాంటివి ఉంటే, ఇక్కడ చదివినదాన్ని మీ డాక్టరు దగ్గర ఒకసారి సరిచూసుకోండి.

మా సొంతూరికే కదా వెళ్తున్నాం. మేం అక్కడే పుట్టి పెరిగాం. పిల్లలకి అంత అవసరమా?

అవసరమే. ఇంకా చెప్పాలంటే, హోటల్లో దిగి వారం రోజులు తాజ్‌మహల్ చూసి వెళ్ళిపోయే విదేశీ టూరిస్టు కంటే మన పిల్లలకే ఎక్కువ అవసరం. వాళ్ళుండేది అమ్మమ్మగారింట్లో. నెల, నెలన్నర ఉంటారు. పెళ్ళిళ్ళకి, జాతరలకి వెళ్తారు, బండి మీద పానీపూరీ తింటారు, వీధిలో కుక్కపిల్లల్ని ఎత్తుకుంటారు. అమెరికాలో బయటపడే టైఫాయిడ్ కేసుల్లో ఎక్కువ భాగం భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ వెళ్ళొచ్చినవాళ్ళవే. అందులోనూ బంధువుల్ని చూడ్డానికి వెళ్ళినవాళ్ళే ఎక్కువ.

చిన్నప్పుడు మీరు తాగిన నీళ్ళు, మీకొచ్చిన జ్వరాలు మీ ఒంటికి ఇచ్చిన రక్షణ పిల్లలకి రాదు. ఆ మాటకొస్తే పదిహేనేళ్ళు బయట ఉండి వచ్చిన మీకూ అది పూర్తిగా మిగిలి ఉండదు. "మాకేం కాలేదు" అన్న ధీమాతోనే చాలామంది ట్రావెల్ క్లినిక్ గడప తొక్కరు. తిరిగొచ్చాక ఆసుపత్రి గడప తొక్కేది కూడా వాళ్ళే.

బయలుదేరే ముందు అక్కడే వేయించాలా, ఇండియా వచ్చాక వేయించవచ్చా?

కుదిరినంతవరకు ముందే. ప్రయాణానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు డాక్టర్ని కలవండి. టీకా వేసిన రోజే రక్షణ రాదు, టైఫాయిడ్‌కైతే దాదాపు రెండు వారాలు పడుతుంది. శంషాబాద్‌లో దిగిన మూడో రోజు టీకా వేయిస్తే, పిల్లలు ఆవురావురుమంటూ బయట తిండి తినే మొదటి రెండు వారాలూ రక్షణ లేకుండానే గడిచిపోతాయి.

అక్కడ ఖర్చు భరించలేనంత ఉన్నప్పుడు, అపాయింట్‌మెంటు దొరకనప్పుడు, అక్కడ లేని టీకా ఇక్కడ ఉన్నప్పుడు, లేదా వరసలో రెండో డోసు తేదీ సెలవుల మధ్యలో పడినప్పుడు ఇండియాలో వేయించడం సబబు. టికెట్టు ఆఖరి నిమిషంలో కొని టైమ్ లేకపోయినా సరే, మానేయడం కంటే ఆలస్యంగా వేయించడం నయం.

బ్రిటన్‌లో ఉండేవాళ్ళకి ఒక మాట. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాలు ప్రయాణం కోసమైనా అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ ఉచితంగా ఇస్తుంది. మీ జీపీ (ఫ్యామిలీ డాక్టరు) దగ్గర అడగండి. అమెరికాలో మాత్రం చాలా ఇన్సూరెన్సులు ప్రయాణపు టీకాలకి డబ్బు ఇవ్వవు.

టైఫాయిడ్‌కి ఏ టీకా మంచిది?

ఈ ఒక్క విషయంలో ఇండియాలో దొరికేదే మెరుగు. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసే టైప్‌బార్ టీసీవీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) నాణ్యత చూసి ఇచ్చే ప్రీక్వాలిఫికేషన్ పొందిన మొదటి టైఫాయిడ్ కాంజుగేట్ (కొత్త రకం) టీకా. ఒక్క డోసు చాలు. ఆరు నెలల పసివాళ్ళ నుంచి పెద్దల దాకా వేస్తారు, రక్షణ కొన్నేళ్ళు నిలుస్తుంది. అమెరికాలో ఈ రకం దొరకదు. అక్కడ వేసే సూది పాత రకం, రెండేళ్ళకోసారి మళ్ళీ వేయించాలి.

మరి ఏం చేయాలి? ఇది మొదటి ప్రయాణమైతే పాత రకమైనా సరే, అక్కడ వేయించుకునే బయలుదేరండి. ఏటా వచ్చే కుటుంబమైతే ఒక ట్రిప్పులో ఇక్కడ కాంజుగేట్ టీకా వేయించి ఉంచితే తర్వాతి ప్రయాణాలకి పనికొస్తుంది. ఏది వేయించినా టైఫాయిడ్ లాంటిదే అయిన పారాటైఫాయిడ్‌ని ఆపదు, నీళ్ళ విరేచనాల్నీ ఆపదు. మరిగించిన నీళ్ళు, వేడివేడి తిండి అన్న జాగ్రత్త మాత్రం వదలొద్దు.

హెపటైటిస్ ఎ సంగతి?

మనం పచ్చకామెర్లు అని పిలిచేవాటిలో ఇదొకటి. కలుషితమైన నీళ్ళు, తిండి వల్ల వస్తుంది. చిన్నపిల్లలకి వస్తే పెద్దగా తెలియకుండానే పోతుంది గానీ, టీనేజ్ పిల్లలకీ పెద్దలకీ వస్తే వారాల తరబడి మంచాన పడేస్తుంది. అమెరికాలో పుట్టిన పిల్లలకి ఏడాది దాటాక సాధారణంగా రెండు డోసులు పడి ఉంటాయి, రికార్డు చూసుకోండి. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో పుట్టిన మన పిల్లలకి మామూలు షెడ్యూల్లో ఇది ఉండదు, అడిగి వేయించాలి. నిర్జీవ టీకాకి (చంపిన వైరస్‌తో చేసేది) ఆరు నెలల తేడాతో రెండు డోసులు. ప్రయాణానికి ముందు ఒక్కటి పడినా ఆ ట్రిప్పుకి మంచి రక్షణే.

మెదడువాపు టీకా వేయించాలా?

హైదరాబాద్‌లోనో విశాఖలోనో మూడు వారాలు ఉండి వెళ్ళేవాళ్ళకి సాధారణంగా అక్కర్లేదు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే ఈ మెదడువాపు పొలాలు, పందులు, దోమలు ఉన్నచోట, వానాకాలంలో ఎక్కువ. ఆ కాలంలో నెల, అంతకంటే ఎక్కువ పల్లెలో ఉండబోతుంటే డాక్టర్ని అడగండి. డెంగీకి మాత్రం అమెరికాలో ప్రయాణికులకు వేసే టీకా లేదు. ఆ దోమ పగలే కుడుతుంది. పొడుగు చేతుల చొక్కా, ఒంటికి రాసుకునే దోమల క్రీము పగలు కూడా వాడాలి.

కుక్క కరిస్తే ఏం చేయాలి?

ఈ పేజీలో ఒక్క ప్రశ్నే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

ముందు గాయాన్ని కుళాయి కింద పెట్టి, సబ్బుతో, పదిహేను నిమిషాలు కడగాలి. ఫోన్లో టైమర్ పెట్టుకుని కడగండి, ఎందుకంటే పదిహేను నిమిషాలంటే చాలాసేపు. రెండు నిమిషాలకే సరిపోయింది అనిపిస్తుంది. తర్వాత బెటాడిన్ లాంటిది రాయవచ్చు. కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి పెట్టొద్దు. పెద్దవాళ్ళు ప్రేమతోనే తెస్తారు, మర్యాదగా వద్దనండి. కట్టు కట్టొద్దు, కుట్లు వేయించొద్దు.

అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ప్రభుత్వాసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితం. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి దీనికి పేరుపడ్డవి. చర్మం చీరి రక్తం వచ్చినా, జంతువు నోటి చొంగ గాయం మీదనో కంట్లోనో పడినా టీకా ఒక్కటే సరిపోదు. రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే, వెంటనే రక్షణనిచ్చే తయారు యాంటీబాడీల ఇంజెక్షన్ కూడా గాయం లోపల, చుట్టూ వేయాలి. మొదటి రోజే వేయడం ఉత్తమం. దొరకకపోతే, టీకా మొదటి డోసు పడిన ఏడు రోజుల్లోపు వేయాలి. చిన్న ఊళ్ళలో ఇది స్టాకు లేదని టీకా వేసి పంపించేస్తారు. "ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కడ దొరుకుతుంది?" అని మీరే అడిగి, ఆ రోజే జిల్లా కేంద్రానికి వెళ్ళండి.

టీనేజ్ పిల్లలతో ఉన్న అసలు ఇబ్బంది వాళ్ళు చెప్పకపోవడం. మా బంధువుల అమ్మాయి, పదమూడేళ్ళది, తెనాలి దగ్గర వాళ్ళ నానమ్మగారి ఊళ్ళో కుక్కపిల్లతో ఆడుతుంటే మణికట్టు మీద పంటి గీటు పడింది. బియ్యపు గింజంత పొడవు, మీద రెండు ఎర్ర చుక్కలు, అంతే. టిష్యూతో తుడుచుకుని శానిటైజర్ రాసుకుంది. తిడతారని మూడు రోజులు పొడుగు చేతుల టాప్ వేసుకుని తిరిగింది. అన్నం తింటుంటే చెయ్యి పైకెత్తినప్పుడు వాళ్ళ అత్త చూసింది. అప్పుడు తీసుకెళ్ళి వరసగా అన్నీ వేయించారు, పిల్ల క్షేమం. రేబిస్ లక్షణాలు వారాలకో నెలలకో గానీ బయటపడవు, బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. అందుకే మూడు రోజులైనా, మూడు వారాలైనా ఆలస్యమైందని ఊరుకోకూడదు. విమానం దిగగానే పిల్లలకి ఈ మాట చెప్పండి: "ఏ జంతువు కరిచినా, గీరినా, నాకినా నాకు చెప్పు. ఒక్క మాట కూడా అనను." చెప్పిన తర్వాత నిజంగానే అనకండి.

కోతుల్ని మర్చిపోవద్దు. గుళ్ళ దగ్గర కొబ్బరి చిప్ప, అరటిపండు చేతిలో ఉన్న పిల్లల మీదికి అవి దూకుతాయి. కోతి కరిచినా, పిల్లి గీరినా ఇదే పద్ధతి.

ముందుజాగ్రత్తగా రేబిస్ టీకా వేయించవచ్చా?

నెలకి మించి పల్లెలో ఉండబోయే పిల్లలకి, జంతువులంటే ప్రాణం పెట్టే పిల్లలకి నేనైతే వేయించమనే చెబుతాను. డబ్ల్యూహెచ్‌ఓ 2018 నుంచి, అమెరికా 2022 నుంచి రెండు డోసుల పద్ధతిని సిఫారసు చేస్తున్నాయి. మొదటిది వేసిన ఏడో రోజు రెండోది. ఇండియాలో కొందరు డాక్టర్లు మూడో డోసు కూడా వేస్తారు, దానివల్ల నష్టమేమీ లేదు. ఇది వేయించుకున్నా, కుక్క కరిస్తే మళ్ళీ టీకా కావాలి. కానీ రెండే డోసులు, సున్నా రోజు, మూడో రోజు. దొరకడమే కష్టమైన ఇమ్యునోగ్లోబ్యులిన్ అప్పుడు అక్కర్లేదు. ఒక్కో డోసు ఇండియాలో వందల రూపాయల్లో ఉంటే, అమెరికాలో వందల డాలర్లలో ఉంటుంది. దిగిన వారంలోనే ఇక్కడ వేయించినా అర్థముంది.

కుక్క కరిచాక టీకాలు పూర్తికాకముందే తిరుగు ప్రయాణం ఉంటే?

ప్రయాణం ఆపక్కర్లేదు, మిగతా డోసులు అక్కడ వేయించవచ్చు. కానీ వేసేముందే డాక్టరుకి ఫ్లైట్ తేదీ చెప్పండి. ఇండియా ప్రభుత్వాసుపత్రుల్లో రేబిస్ టీకాని తరచుగా చర్మంలోకి, రెండేసి చోట్ల, సున్నా, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. మంచి పద్ధతే. అమెరికాలో మాత్రం కండలోకి వేస్తారు. మధ్యలో పద్ధతి మారితే అక్కడి డాక్టర్లు తికమకపడతారు కాబట్టి, త్వరలో వెళ్ళిపోయేవాళ్ళు మొదటినుంచీ కండలోకి వేయమని అడగడం మేలు. టీకా పేరు, వేసిన పద్ధతి, ప్రతి డోసు తేదీ, ఇమ్యునోగ్లోబ్యులిన్ వేశారా లేదా అన్నది కాగితం మీద ఉండాలి. అక్కడి ఆసుపత్రికి ఇక్కడినుంచే ఫోన్ చేసి తర్వాతి డోసు తేదీ ఖాయం చేసుకోండి.

అమెరికా స్కూలు అడిగే టీకాలు ఇండియాలో వేయిస్తే చెల్లుతాయా?

సాధారణంగా చెల్లుతాయి. వయసు, డోసుల మధ్య ఎడం అక్కడి నియమాలకి సరిపోవాలి, తేదీలతో రాతపూర్వకమైన రికార్డు ఉండాలి. ఇవి ఉంటే ఏ దేశంలో వేశారన్నది అడ్డు కాదని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ మార్గదర్శకాలు చెబుతాయి. "వేయించామండీ, కార్డు ఊళ్ళో ఉండిపోయింది" అంటే లెక్కలోకి రాదు, మళ్ళీ వేస్తారు.

స్కూలు నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. జాతీయ షెడ్యూలు మీద ఈమధ్య అక్కడ మార్పులు, వాదోపవాదాలు కూడా నడుస్తున్నాయి కాబట్టి మీ రాష్ట్ర ఆరోగ్యశాఖ పెట్టిన స్కూలు జాబితానే ప్రమాణంగా తీసుకోండి. వాట్సాప్ గ్రూపులో పక్క రాష్ట్రంవాళ్ళు చెప్పింది మీకు వర్తించకపోవచ్చు.

రెండు చోట్ల మనవాళ్ళు ఎక్కువగా తడబడతారు.

మొదటిది టీడాప్. ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు మూడింటికీ కలిపి వేసే టీకా ఇది. ఆరు, ఏడు తరగతుల దగ్గర చాలా రాష్ట్రాలు అడుగుతాయి. ఇండియా ప్రభుత్వ కార్యక్రమంలో పదేళ్ళకి, పదహారేళ్ళకి వేసేది టీడీ. అందులో కోరింత దగ్గు భాగం ఉండదు. దెబ్బ తగిలితే కాలనీ క్లినిక్‌లో వేసేది టీటీయో టీడీయో అయి ఉంటుంది. స్కూలు వీటిని టీడాప్‌గా ఒప్పుకోదు. ఇక్కడ పిల్లల డాక్టర్ల దగ్గర బూస్ట్రిక్స్, అడాసెల్ పేర్లతో టీడాప్ దొరుకుతుంది. పేరు చూసి వేయించండి.

రెండోది మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా. దానికి కారణమయ్యే మెనింగోకాకస్ బాక్టీరియాలో నాలుగు రకాలకి వేసేది పదకొండు, పన్నెండేళ్ళకి ఒకటి, పదహారు దాటాక బూస్టర్ ఒకటి అన్నది చాలా రాష్ట్రాల్లో స్కూళ్ళు అనుసరించే పద్ధతి. పదహారు నిండకముందు వేసిన బూస్టర్‌ని కొన్ని రాష్ట్రాలు లెక్కపెట్టవు. పుట్టినతేదీ ప్రకారం లెక్కవేయండి. మన అలవాటు ప్రకారం "పదహారు నడుస్తోంది" అని చెబితే నర్సు సూది తీస్తుంది, అక్కడికెళ్ళాక అది వృథా అవుతుంది.

హెచ్‌పీవీ టీకా ఇండియాలో వేయించవచ్చా?

వేయించవచ్చు. అమ్మాయిలకీ, అబ్బాయిలకీ. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్‌ని ఆపే టీకా ఇది. గొంతు, మలద్వారం క్యాన్సర్లలో చాలావాటికి కూడా ఇదే వైరస్ కారణం కాబట్టి అబ్బాయిలకీ అవసరమే. ఇండియాలో సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ 2023 జనవరిలో విడుదలైంది. డోసు ధర 2,000 రూపాయలుగా పెట్టారు. అది నాలుగు రకాల వైరస్‌లకి. తొమ్మిది రకాలకి పనిచేసే గార్డాసిల్ 9 కూడా దొరుకుతుంది, ధర చాలా ఎక్కువ. అమెరికాలో వాడేది ఈ తొమ్మిది రకాలదే. అక్కడ చాలా ఇన్సూరెన్సులు దీన్ని ఉచితంగా ఇస్తాయి కాబట్టి, ఇన్సూరెన్సు ఉన్నవాళ్ళు దీనికోసం ఇండియాలో డబ్బు పెట్టక్కర్లేదు. ఇన్సూరెన్సు లేనివాళ్ళు, గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళు, ఇక్కడే ఉంటున్న పిల్లల తల్లిదండ్రులు తప్పకుండా ఆలోచించాలి.

డోసుల లెక్క దేశాన్నిబట్టి మారుతుంది. ఇండియాలో ప్రైవేటు డాక్టర్ల దగ్గర పదిహేనేళ్ళలోపు మొదలుపెడితే ఆరు నెలల తేడాతో రెండు డోసులు, ఆ తర్వాత మొదలుపెడితే మూడు. బ్రిటన్, ఆస్ట్రేలియా 2023 నుంచి టీనేజ్ పిల్లలకి ఒక్క డోసుకి మారాయి. సెలవుల్లో ఒకటి ఇక్కడ వేయిస్తే, రెండోది అక్కడ ఎప్పుడు, ఏ బ్రాండు అన్నది ముందే మీ డాక్టరుతో మాట్లాడుకోండి.

"ఇంత చిన్నపిల్లకి అలాంటి టీకా ఎందుకు?" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. చిన్నప్పుడే ఎందుకంటే, వైరస్ తగలకముందు వేస్తేనే అది పూర్తిగా పనిచేస్తుంది. ఆ చర్చ హాల్లో పదిమంది ముందు పెట్టకండి. పిల్లలకి సిగ్గుగా ఉంటుంది. వాళ్ళతో విడిగా, అది క్యాన్సర్ టీకా అని సూటిగా చెప్పండి. టీనేజ్ పిల్లలకి కారణం చెబితే చెయ్యి చాపుతారు.

కార్డు మీద ఏమేం రాయించుకోవాలి?

పాస్‌పోర్టులో ఉన్నట్టే పూర్తి పేరు, పుట్టినతేదీ. టీకా పేరు, బ్రాండు, బ్యాచ్ నంబరు, వేసిన తేదీ, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న స్టాంపు. బ్రాండు, బ్యాచ్ చేత్తో రాస్తే చదవడం కష్టం. వయల్ మీదో, డబ్బా మీదో ఊడివచ్చే స్టిక్కరు ఉంటే కార్డు మీద అంటించమనండి. లేకపోతే డబ్బా చెత్తబుట్టలో పడేలోపు ఫోన్లో ఫొటో తీయండి, గడువు తేదీ కనపడేలా.

తేదీలో నెలని అక్షరాల్లో, ఇంగ్లీషులో రాయించండి. 05/06 అని రాస్తే మనకి జూన్ ఐదు, అమెరికా నర్సుకి మే ఆరు. ఆ ఒక్క తేడాతో రెండు డోసుల మధ్య ఎడం చాలలేదని కొట్టేసిన సందర్భాలున్నాయి. బిల్లు కూడా దాచండి.

తిరిగి వెళ్ళాక కార్డుని నేరుగా స్కూలుకి ఇచ్చేకంటే ముందు పిల్లల డాక్టరుకి ఇచ్చి రాష్ట్ర టీకా రిజిస్ట్రీలో ఎక్కించమనండి. కాలిఫోర్నియాలో దాన్ని కెయిర్ అంటారు, టెక్సాస్‌లో ఇమ్‌ట్రాక్, న్యూజెర్సీలో ఎన్‌జేఐఐఎస్. ఒకసారి అందులోకి ఎక్కితే కాలేజీ దాకా పనికొస్తుంది.

ఏ దేశం ఏ టీకాని గుర్తిస్తుందన్నది ఎంత ముఖ్యమో 2021లో మన పిల్లలకి బాగా తెలిసొచ్చింది. ఆ వేసవిలో కొవాగ్జిన్ వేయించుకుని అమెరికా చదువులకి బయలుదేరినవాళ్ళని చాలా యూనివర్సిటీలు మళ్ళీ వేరే టీకా వేయించుకోమన్నాయి. కొవాగ్జిన్‌కి డబ్ల్యూహెచ్‌ఓ గుర్తింపు వచ్చింది ఆ ఏడాది నవంబర్ 3న.

ఇక్కడి టీకాలు అసలైనవేనా? నమ్మవచ్చా?

ప్రపంచంలో సగం దేశాలు వాడే టీకాలు తయారయ్యేది ఇక్కడే, పుణెలో, హైదరాబాద్‌లో. తయారీ గురించి భయం అక్కర్లేదు. చూసుకోవాల్సింది ఫ్యాక్టరీ నుంచి మీ పిల్లవాడి చేతి దాకా ఉన్న దారి. హైదరాబాద్ సంస్థ తయారుచేసే ఒక పేరున్న రేబిస్ టీకాకి నకిలీ బ్యాచ్ బయటపడిన సంగతి మీద 2025 చివర్లో ఆస్ట్రేలియా తన ప్రయాణికులను హెచ్చరించింది. బ్యాచ్ నంబరు ఉంటేనే అలాంటప్పుడు మీది అదో కాదో తేల్చుకోగలుగుతారు.

టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మెడికల్ షాపులో కొని, మే నెల ఎండలో ఆటోలో అరగంట తిరిగి క్లినిక్‌కి తీసుకెళ్ళకండి. రోజూ పిల్లలకి టీకాలు వేసే, సొంత టీకా ఫ్రిజ్ ఉన్న డాక్టరు దగ్గరే వేయించండి. "కరెంటు పోతే ఏం చేస్తారు?" అని అడగడానికి మొహమాటపడొద్దు. మంచి క్లినిక్ వాళ్ళు ఇన్వర్టరు, ఉష్ణోగ్రత రాసే పుస్తకం చూపిస్తారు.

పిల్లల్ని తాతయ్య, అమ్మమ్మల దగ్గర వదిలి మేం వెళ్ళిపోతే, వాళ్ళు వేయించవచ్చా?

పద్దెనిమిది నిండని పిల్లలకి తల్లిదండ్రుల అనుమతి అడుగుతారు. ఏయే టీకాలకి, ఏ చికిత్సకి ఒప్పుకుంటున్నారో రాసి, ఇద్దరూ సంతకాలు చేసి, మీ పాస్‌పోర్టు కాపీలు జతచేసి పెద్దవాళ్ళకి ఇచ్చి వెళ్ళండి. నోటరీ చేయిస్తే ఇంకా మంచిది. పాత టీకాల రికార్డు, అలర్జీల వివరాలు, వాడే మందుల పేర్లు అదే ఫైల్లో ఉండాలి. అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చినా ఆ ఫైలే ఆదుకుంటుంది. మీ టైమ్‌లో అర్ధరాత్రి అయినా ఫోన్ ఎత్తుతామని వాళ్ళకి గట్టిగా చెప్పండి. నిద్ర చెడగొట్టడం ఎందుకని పెద్దవాళ్ళు ఫోన్ చేయరు.

ఒకేరోజు రెండు మూడు సూదులు వేయించవచ్చా?

వేయించవచ్చు, వేర్వేరు చోట్ల. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాకి కలిపి వేసేది), ఆటలమ్మ టీకా లాంటి సజీవ టీకాలకి మాత్రం ఒక నియమముంది. రెండూ ఒకేరోజు వేయాలి, లేదంటే 28 రోజులు ఆగాలి.

సూది వేస్తే మా అబ్బాయి కళ్ళు తిరిగి పడిపోతాడు. ఏం చేయాలి?

ఈ వయసులో ఇది మామూలే, పొడుగ్గా బలంగా ఉన్న పిల్లలు కూడా పడిపోతారు. పడుకోబెట్టి వేయమనండి. వేశాక పదిహేను నిమిషాలు అక్కడే కూర్చోబెట్టాలి. ఖాళీ కడుపుతో, ఉపవాసం రోజున, మిట్టమధ్యాహ్నం ఎండలో తీసుకెళ్ళొద్దు. టిఫిన్ తినిపించి, నీళ్ళు తాగించి, పొద్దున్నే వెళ్ళండి. కొద్దిపాటి జ్వరం, చెయ్యి నొప్పి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. ఊపిరాడకపోవడం, ముఖం వాయడం లాంటివి తీవ్రమైన అలర్జీ లక్షణాలు. చాలా అరుదు, వస్తే ఎక్కువగా మొదటి కొద్ది నిమిషాల్లోనే వస్తాయి. ఆ పదిహేను నిమిషాలు ఆగమనేది అందుకు కూడా.

నెలసరి సమయంలో అమ్మాయిలకి వేయించవచ్చా?

నిరభ్యంతరంగా.

ఇండియాలో చదివే మా పిల్లలు అమెరికా వస్తున్నారు. అక్కడ వేయించవచ్చా?

సెలవులకి మాత్రమే వస్తుంటే ఇండియాలోనే పూర్తిచేసి రండి. విజిటర్ ఇన్సూరెన్సు మామూలు టీకాలకి ఖర్చు ఇవ్వదు. వచ్చాక అవసరపడితే కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంటుకి ఫోన్ చేయండి. ఇన్సూరెన్సు లేని, పందొమ్మిదేళ్ళలోపు పిల్లలకి ఉచితంగా టీకాలిచ్చే వ్యాక్సిన్స్ ఫర్ చిల్డ్రన్ అనే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. టీకాకి డబ్బు తీసుకోరు, వేసినందుకు చిన్న ఫీజు ఉండవచ్చు.

అక్కడే స్కూల్లో చేరబోతుంటే ఇండియా కార్డుని ఈ ఐదు చోట్ల సరిచూడండి. తట్టు టీకా తొమ్మిదో నెలలో వేసింది అక్కడ చెల్లదు, మొదటి పుట్టినరోజు తర్వాతవే లెక్క. ప్రభుత్వ కేంద్రాల్లో వేసేది ఎంఆర్, అందులో గవదబిళ్ళల టీకా లేదు కాబట్టి ఎంఎంఆర్ కావాలి. హెపటైటిస్ బి ఆఖరి డోసు 24 వారాల వయసు దాటాక పడి ఉండాలి. మన షెడ్యూల్లో 14వ వారానికే అయిపోతుంది, అందుకని ఇంకోటి అడుగుతారు. నోట్లో వేసే పోలియో చుక్కల్లో 2016 ఏప్రిల్‌కి ముందు వేసినవాటినే ఒప్పుకుంటారు, పల్స్ పోలియో ఆదివారాల చుక్కలు లెక్కలోకి రావు. ఆటలమ్మ టీకా రెండు డోసులు చూస్తారు, అది ప్రభుత్వ షెడ్యూల్లో ఉండదు. వీటిని వెళ్ళే ముందే ఇక్కడి పిల్లల డాక్టరు దగ్గర పూర్తిచేస్తే బడి మొదటి వారం ప్రశాంతంగా గడుస్తుంది.

మేం టాంజానియా, కెన్యా, జాంబియా వైపు ఉంటాం. మాకు వేరే నియమాలున్నాయా?

ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్. ఆ వ్యాధి ఉన్నట్టు ఇండియా గుర్తించిన దేశాల నుంచి వచ్చేవాళ్ళ దగ్గర అది లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు, పిల్లలకీ మినహాయింపు లేదు. తొమ్మిది నెలలలోపు పసివాళ్ళకి మాత్రమే ఉంది. టీకా వేసిన పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఒకసారి వేస్తే జీవితాంతం పనికొస్తుంది. ఇక్కడినుంచి అటు వెళ్ళేవాళ్ళకి హైదరాబాద్‌లో ఐపీఎంలో వేస్తారు. మీ దేశం ఆ జాబితాలో ఉందో లేదో టికెట్టు కొనేముందే చూసుకోండి.

తిరిగొచ్చాక స్కూలు టీబీ పరీక్ష అడిగింది. ఎంఎంఆర్ కూడా వేయించాలి. ఏది ముందు?

రెండూ ఒకేరోజు చేయించవచ్చు. ఎంఎంఆర్ ముందే పడిపోతే టీబీ పరీక్షకి నాలుగు వారాలు ఆగాలి. ఇండియాలో పుట్టి బీసీజీ (టీబీ టీకా) వేయించుకున్న పిల్లలకి చర్మం మీద చేసే పరీక్ష పొరపాటున పాజిటివ్ చూపించవచ్చు, రక్తపరీక్ష అడగండి.

తిరిగొచ్చిన పది రోజులకి జ్వరం వచ్చింది. టీకాలన్నీ వేయించాం కదా?

వేయించినా డాక్టర్ని కలవండి. మొదటి మాటగా "ఇండియా వెళ్ళొచ్చాం" అని చెప్పండి, తేదీలతో సహా, పల్లెలో ఉన్నారో పట్నంలో ఉన్నారో కూడా. వాళ్ళకి రోజూ కనపడేది ఫ్లూ. టైఫాయిడ్, డెంగీ, మలేరియా మీరు చెబితేనే గుర్తొస్తాయి. టైఫాయిడ్ అనుమానం ఉంటే యాంటీబయోటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిమిని పెంచి చూసే పరీక్ష) తీయాలి, కాబట్టి ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రలు ఇంట్లో వేసేయకండి. డెంగీ తేలేదాకా ఐబుప్రోఫెన్ వద్దు, పారాసిటమాల్ ఇవ్వండి. మలేరియా కొన్ని రకాలు నెలల తర్వాత కూడా బయటపడతాయి. అందుకే ఏడాది వరకు ఏ జ్వరానికి వెళ్ళినా ఆ ప్రయాణం సంగతి చెప్పాలి.